పటం వెనక పేరు

ఆ గురువారం పొద్దున ఆర్విడ్ వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిదిన్నరకి భార్య వెర్నా బొంతలు కుట్టడానికి చర్చికి వెళ్తుంది. పన్నెండింటికి తిరిగొస్తుంది. ఈలోగా గోడకి తగిలించిన, గడ్డి కూరిన చేపని దించాలి, దాని చోట కానుక పటం ఎక్కించాలి, కాఫీ పెట్టాలి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చోవాలి. ఇనుప ఖనిజం రేవులో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఓడలు నింపిన మనిషికి ఇదొక పని కాదు. అయినా తెల్లవారుజాము నుంచి అతనికి ఒక చోట కాలు నిలవలేదు. గుండె పెళ్ళికొడుకు గుండెలా కొట్టుకుంటోంది.

వెర్నా గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ అతని వంక చూసింది.

"ఏంటి, చర్చికి వేసే చొక్కా వేశావు?"

"ఉతికినవాటిలో ఇదొక్కటే దొరికింది."

"నిన్న ఏడు ఉతికి మడత పెట్టాను."

"కనపడలేదు."

"సరే మరి," అంది వెర్నా. కారెక్కి వెళ్ళిపోయింది.

అమెరికా ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న టూ హార్బర్స్ ఊళ్ళో ఒక మాట రెండోసారి అడగరు. కాఫీ తాగుతావా అన్నది మాత్రం మూడుసార్లు అడుగుతారు. మిగతావన్నీ ఒక్కసారే. ఆ మర్యాద వల్లే ఆ రోజు జరిగిందంతా జరిగింది.

ఆ ఊళ్ళో ఎవరూ దేన్నీ బాగాలేదని కూడా అనరు. "కొత్తగా ఉంది" అంటారు. అంతకన్నా పెద్ద తిట్టు అక్కడ లేదు. పెళ్ళైన నలభై రెండేళ్ళలో ఆర్విడ్ భార్యకి చాలా కానుకలు ఇచ్చాడు. కరెంటుతో మాంసం కోసే కత్తి ఇచ్చాడు. గడప దాటకుండా ఇంట్లోనే నడవడానికి ఒక మర ఇచ్చాడు. ఒక పుట్టినరోజుకి గాలం కర్ర ఇచ్చాడు, రెండు చక్రాలది. ప్రతిసారీ వెర్నా కాగితం విప్పేది, కాసేపు చూసేది, "కొత్తగా ఉంది" అనేది. ఆ వస్తువు మెట్లు దిగి నేలమాళిగలోకి పోయేది. ఇప్పుడక్కడ ఒక దుకాణం పెట్టుకోవచ్చు.

ఈసారి అలా కాదు. ఈసారి అతని దగ్గర సాక్ష్యం ఉంది.

ఏటా అక్టోబరులో వెర్నా కళ్ళు చూపించుకోవడానికి ఇద్దరూ దూరాన ఉన్న నగరానికి వెళ్తారు. డాక్టరు పిలిచేదాకా పొద్దుపోవడానికి పక్కనే ఉన్న మ్యూజియంలోకి వెళ్తారు, ప్రవేశం ఉచితం కాబట్టి. మిగతా గదులన్నీ వెర్నా సంతలో నడిచినట్టు నడిచేస్తుంది. రెండో అంతస్తులో ఒక్క పటం ముందు మాత్రం ఆగుతుంది. నార్వే నుంచి వచ్చిన పాత బొమ్మ అది. మంచులో ఎర్ర శాలువా కప్పుకున్న ఒకామె రెండు పాలబిందెలు మోస్తూ వెళ్తుంటుంది. వెనక ఒక ఆవు చూస్తుంటుంది. వెర్నా దాని ముందు చేతులు కట్టుకుని ఇరవై నిమిషాలు కదలదు. ముఖం మెత్తబడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆర్విడ్ పక్కనే నిలబడి ఇది చూస్తున్నాడు. ఆ బొమ్మ నీకిష్టమా అని ఏనాడూ అడగలేదు. కళ్ళకి కనపడుతున్నది అడగడమెందుకు?

ఈ జనవరిలో, ఊరివాళ్ళు పెద్దాసుపత్రికని వెళ్ళే డులుత్ పట్నంలో, ఒక దుకాణం అద్దంలో బోర్డు చూశాడు. మ్యూజియం బొమ్మలకి మ్యూజియం నాణ్యత గల నకళ్ళు, మీ ఇంటికి. లోపలికి వెళ్ళాడు.

"పోస్టరు కావాలా, నకలు కావాలా?" అంది దుకాణం ఆమె.

"తేడా ఏంటి?"

"పోస్టరు దూరం నుంచి బాగుంటుందండి. నకలు దగ్గర నుంచి బాగుంటుంది. ముట్టుకుని చూడండి."

అతను ఒక నమూనా ముట్టుకున్నాడు. నూలు గుడ్డ మీద పన్నెండు సిరాలతో అచ్చువేశారట. అసలు చిత్రకారుడి కుంచె ఎక్కడ ఆగిందో ఎక్కడ ఈడ్చిందో చూసి ఆ గరుకంతా పైన జిగురుతో దిద్దారట. నూరేళ్ళకి కూడా రంగు పోదట. వేలి కింద ఆకాశం గరుగ్గా తగిలింది. ఆర్విడ్‌కి ఒళ్ళు జల్లుమంది. మ్యూజియంలో నాలుగడుగుల దగ్గరికి వెళ్తేనే కాపలావాడు దగ్గుతాడు. ఇక్కడ ఆకాశాన్ని తడుముతుంటే కాఫీ ఇస్తున్నారు. పడవకి కొత్త ఇంజను కొందామని దాచుకున్నది అక్కడే ఇచ్చేసి వచ్చాడు.

పటం మంగళవారం చేతికొచ్చింది. పక్కింటి గోర్డీ "ఎక్కడికిరా?" అంటే "డులుత్‌లో చిన్న పనుంది" అన్నాడు. తెచ్చి పెరట్లో ఉన్న చేపల గుడిసెలో దాచాడు. సరస్సు గడ్డకట్టాక దాని మీద పెట్టుకుని చేపలు పట్టే చెక్క గుడిసె అది. మోకాళ్ళ నొప్పి వల్ల ఈ ఏడు సరస్సు మీదికి లాగలేదు. వెర్నా అందులోకి తొంగి కూడా చూడదు.

వెర్నా కారు మలుపు తిరగగానే ఆర్విడ్ మంచులో పరుగెత్తి పటాన్ని ఇంట్లోకి తెచ్చాడు. దాంతోపాటు వచ్చిన తెల్ల నూలు తొడుగులు చేతులకి వేసుకున్నాడు. పటాన్ని బోర్లా తిప్పి సోఫాకి ఆనించాడు. తరవాత గోడ మీది చేపని దించాడు. ముప్ఫై ఏళ్ళ కిందట పట్టిన చేప అది, పొట్టలో గడ్డి కూరి పలకకి బిగించినది. దీన్నేం చెయ్యాలి? గోర్డీకి ఎప్పటినుంచో దాని మీద కన్నుంది. వంటింటి సొరుగులోంచి కాగితం టేపు తీసి, ముక్క చింపి, "గోర్డీ" అని రాసి చేప వెనక అంటించాడు. ఆ చేత్తోనే ఇంకో ముక్క మీద "వెర్నాకి" అని రాసి పటం వెనక అంటించాడు. కానుక కదా, పేరుండాలి.

టేపు సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఊళ్ళో ప్రతి గిన్నె అడుగునా టేపు మీద పేరుంటుంది. చర్చి విందుల్లో గిన్నెలు కలిసిపోకుండా. అది మామూలు టేపు. గోడ గడియారాల వెనకా కుర్చీల అడుగునా కూడా ఉంటుంది. అది వేరే టేపు. మనిషికి రోజులు దగ్గరపడితే, తన తరవాత ఏ వస్తువు ఎవరికో దాని వెనక పేరు రాసి అంటిస్తారు. అక్కడ వీలునామాలు లాయరు దగ్గర కన్నా టేపు చుట్టలో ఎక్కువ.

ఇవన్నీ ఆర్విడ్‌కి తెలుసు. కానీ సంతోషంలో ఉన్న మనిషికి తెలిసినవి గుర్తుకు రావు.

తొమ్మిదిన్నరకి గోర్డీ భార్య డెలోరిస్, వెర్నా కేకు పెనం తిరిగిద్దామని వచ్చింది. తలుపు తట్టి, తోసుకుని లోపలికొచ్చి, అక్కడే నిలబడిపోయింది. గోడ ఖాళీగా ఉంది. కింద బోర్లా పెట్టిన చేప, దాని వెనక తన మొగుడి పేరు. సోఫాకి బోర్లా ఆనించిన ఏదో పటం, దాని వెనక వెర్నా పేరు. మధ్యలో చర్చి చొక్కా, తెల్ల తొడుగులతో ఆర్విడ్. మొహం ఎర్రబడి ఉంది, కళ్ళు మెరుస్తున్నాయి.

"డులుత్ వెళ్ళొచ్చావని గోర్డీ అన్నాడు," అంది మెల్లిగా.

"వెళ్ళొచ్చాను."

"ఒక్కడివే."

"ఒక్కణ్ణే. మొదట నెల అన్నారు. చివరికి మూడు వారాలకి తేల్చారు."

డెలోరిస్ పెనాన్ని గుండెకి హత్తుకుంది. "వెర్నాకి తెలుసా?"

"ఇంకా లేదు. పన్నెండుకి వస్తుందిగా, నేనే చెప్తాను. నువ్వు చెప్పకు డెలోరిస్. ఇన్నేళ్ళకి ఈ రోజు వచ్చింది. అప్పుడు ఆమె మొహం నేను చూడాలి."

"నీకేమైనా కావాలా ఆర్విడ్?"

"పొడుగు మేకులు నాలుగుంటే చాలు."

డెలోరిస్ ఇంక వినలేకపోయింది. పెనం బల్ల మీద పెట్టి "గోర్డీతో పంపుతాను" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. మంచి మనిషి, పాపం జలుబు చేసినట్టుంది అనుకున్నాడు ఆర్విడ్. మేకుల కోసం ఆగలేక పాత మేకే వాడి పటం ఎక్కించాడు. వెర్నా కన్నా ముందు ఎవరూ చూడకూడదని దాని మీద దుప్పటి కప్పాడు.

చర్చిలో ఒక ఫోను వరస ఉంది. ఒకరు ఇద్దరికి, ఆ ఇద్దరు నలుగురికి. కష్టంలో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థించడానికి పెట్టుకున్నది. డెలోరిస్ మొదటి ఫోను వెర్నా చెల్లెలు ఆర్డిస్‌కి చేసింది. పావుగంటలో ఊరంతా ప్రార్థనలో ఉంది, కుట్టుపని గది తప్ప. వెర్నాకి ఆర్విడే చెప్పుకుంటానన్నాడు కదా. మాటంటే మాట.

ముందు గోర్డీ వచ్చాడు. ఒక చేతిలో మేకులు, ఇంకో చేతిలో సరస్సు మీది మంచుకి కన్నం వేసే డ్రిల్లు. ఆ డ్రిల్లు ఆర్విడ్‌ది. పదకొండేళ్ళ కిందట వారం రోజులకని తీసుకున్నాడు.

"ఇదిగోరా, నీ డ్రిల్లు."

"ఇప్పుడెందుకురా? నీకు చేపలు పడే రోజులాయె."

"పదును పెట్టించాను," అన్నాడు గోర్డీ నేల చూస్తూ.

"సరే, నువ్వు ఆ చేప పట్టుకుపో. వెనక నీ పేరు రాశాను చూడు."

గోర్డీ చూశాడు. "నాకొద్దురా."

"ఇరవై ఏళ్ళుగా కావాలన్నావు కదరా."

"కావాలన్నాను. ఇలా కాదు."

గోర్డీ ఎప్పుడూ ఇన్ని మాటలు మాట్లాడడు. వీడికేదో కష్టం వచ్చింది అనుకున్నాడు ఆర్విడ్. వాడి మనసు మళ్ళిద్దామని, ఒట్టు పక్కన పెట్టి, దుప్పటి ఎత్తాడు. "వెర్నాకి చెప్పకు. చూడు. దూరం నుంచి కాదురా, దగ్గరికి రా. మ్యూజియం నాణ్యత."

గోర్డీ దగ్గరికి వెళ్ళాడు. మంచునీ ఎర్ర శాలువానీ చూశాడు. వెర్నా కోసం, తను పోయాక గోడ మీద ఉండడానికి, వీడు ఇది కొన్నాడన్నమాట. గోర్డీ కళ్ళలోంచి నీళ్ళు ధారగా దిగాయి. తన పడవ మునిగిన రోజున కూడా ఏడవని మనిషి. ఆర్విడ్ నోరు తెరుచుకుని చూశాడు. కళ అంటే ఇదన్నమాట. దుకాణం ఆమె ఇది చెప్పలేదు.

"సరే మరి," అని గోర్డీ ముక్కు చీదుకుని బయటికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే వాకిట్లో మంచు ఎత్తిపోయడం మొదలుపెట్టాడు.

తరవాత హాట్‌డిష్‌లు మొదలయ్యాయి. కింద మాంసం, మధ్యలో పుట్టగొడుగుల సూపు, పైన వేగిన బంగాళాదుంప బిళ్ళలు. మాట తోచని చోట ఆ ఊరివాళ్ళు హాట్‌డిష్ పెడతారు. పదింటికి ఒకటి, పదిన్నరకి నాలుగు. పదకొండింటికి వంటింటి బల్ల నిండి, గిన్నెలు బట్టలుతికే మర మీదికి ఎక్కాయి. గుమ్మం దగ్గర బూట్లు గుట్టపడ్డాయి. వాకిట్లో ఏడుగురు మగవాళ్ళు మంచు ఎత్తుతున్నారు. ఇద్దరు కప్పెక్కారు.

ఆర్విడ్‌కి అంతా తేటతెల్లంగా అర్థమైంది. గోర్డీ పటం సంగతి చెప్పేశాడు. చూడ్డానికి ఊరు కదిలింది. వచ్చేవాళ్ళకి దారి కావాలి కాబట్టి మంచు తీస్తున్నారు, తిండి కావాలి కాబట్టి గిన్నెలు తెస్తున్నారు. ఇక దాచి లాభం లేదు. దుప్పటి తీసి, తొడుగులు సరిచేసుకుని పటం పక్కన నిలబడ్డాడు.

"ఒకళ్ళ తరవాత ఒకళ్ళు రండి. ఆ శాలువా అంచు చూడండి, గరుకు తెలుస్తోందా? అది కుంచె. ఆవు కంట్లో తెల్ల చుక్క చూడండి. నూరేళ్ళు పోదు."

రేవులో పనిచేసిన పెద్ద పెద్ద మగవాళ్ళు మేజోళ్ళతో వరసగా వచ్చారు. పటం చూశారు, ఆర్విడ్‌ని చూశారు, కళ్ళొత్తుకున్నారు. ఒకతను అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ఊళ్ళో ఒక మగవాడు ఇంకో మగవాడి భుజం మీద చెయ్యి వెయ్యడం ఎవరూ ఎరగరు. ఆర్విడ్ ఆనందానికి హద్దు లేదు. ఇంతమంది ఏడుస్తుంటే ఇక వెర్నా సంగతి చెప్పాలా? వరస అవగానే, ఆమె కోసం పటం మీద దుప్పటి మళ్ళీ కప్పాడు.

పదకొండుంపావుకి పాస్టర్ టిమ్ వచ్చాడు. కుర్రవాడు, చర్చికి వచ్చి రెండేళ్ళే అయింది. ఆర్విడ్‌ని పక్కకి తీసుకెళ్ళి చిన్న పుస్తకం తెరిచాడు.

"ఆర్విడ్ గారూ, ఏ పాటలు పాడించమంటారు? కొందరు ముందే చెప్పుకోవడానికి ఇష్టపడతారు."

పటానికి దుప్పటి తీసేటప్పుడు పాటలు కూడానా అనుకున్నాడు ఆర్విడ్. కొంచెం ఎక్కువే. కానీ పాస్టర్ని కాదనడం బాగోదు. "ఒక్కటి చాలండి. హుషారైనది. పొడుగు వద్దు, కాఫీ చల్లారిపోతుంది."

పాస్టర్ రాసుకున్నాడు. "మీ ధైర్యం నాకుంటే బాగుండేదండి."

"ధైర్యమేముంది పాస్టర్ గారూ, ముందే అనుకుని చేసుకోవాలి అంతే."

అప్పుడే ఆర్విడ్ ఒక శబ్దం విన్నాడు. చర్రున టేపు చింపిన శబ్దం. తిరిగి చూస్తే ఆర్డిస్ కళ్ళు తుడుచుకుంటూనే గోడ గడియారం దించి వెనక ఏదో అంటిస్తోంది. తరవాత బల్ల కింద దూరింది. మళ్ళీ చర్రుమంది. ఆర్విడ్ మెల్లిగా తన కుర్చీ అడుగు తడిమాడు. టేపు తగిలింది. వంగి చదివాడు. "ఆర్డిస్." కాఫీ జగ్గు అడుగున చూశాడు. "ఆర్డిస్, డెలోరిస్ ఒప్పుకుంటే."

జగ్గుని మెల్లిగా బల్ల మీద పెట్టేశాడు.

ఈ ఇంట్లో ఎవరో పోతున్నారు. ఊరంతటికీ తెలుసు. తనకే తెలీదు. తను నిక్షేపంలా ఉన్నాడు, మోకాళ్ళు తప్ప. ఇంట్లో ఉన్నది ఇద్దరే. వాళ్ళందరూ పటం చూసి ఎందుకు ఏడ్చారో ఇప్పుడు తెలిసింది. వెర్నా కోసం కొన్నాడే, అది చూసుకోవడానికి ఆమెకెన్ని రోజులున్నాయో అని. అక్టోబరులో కళ్ళ డాక్టరు ఆమెతో లోపల మాట్లాడుతూ ఎంతసేపో ఉంచేశాడు. బయటికొచ్చాక ఏమన్నాడని ఒక్కసారి అడిగాడు. "ఏం లేదు" అంది. రెండోసారి అడగలేదు. నలభై రెండేళ్ళలో ఒక్క మాటైనా రెండోసారి అడిగాడా?

తొడుగులు తీసి జేబులో కుక్కుకున్నాడు. చేప పక్కన కూలబడ్డాడు. నూరేళ్ళు పోని రంగు ఎవరిక్కావాలి?

చర్చిలో ఏం జరిగిందంటే, కుట్టుపని గదిలోకి ఫోను వెళ్ళకపోయినా వార్త వెళ్ళింది. కాఫీ పెట్టే ఆమె వంటగది ఫోనులో విని, పక్కనామె చెవిలో ఊదింది. ఎవరూ వెర్నాకి చెప్పలేదు. మాటిచ్చారు కదా. వాళ్ళు చేసిందల్లా, కుడుతున్న బొంతని గబగబా ముగించి, మడతపెట్టి, ఆమె ఒళ్ళో పెట్టడం. ఆ చర్చి బొంతలు ఊరికే ఇవ్వరు. పసిపిల్లలున్న ఇంటికి ఇస్తారు, లేదా ఎవరో మంచం పట్టిన ఇంటికి ఇస్తారు. తన ఇంట్లో పసిపిల్లలు లేరని వెర్నాకి తెలుసు. చర్చి చొక్కా గుర్తొచ్చింది. మంగళవారం అతను ఒక్కడే డులుత్ వెళ్ళిరావడం గుర్తొచ్చింది.

ఎన్నడూ గంటకి నలభై మైళ్ళ వేగం దాటని వెర్నా ఆ రోజు కారుని ఎలా తోలిందో చూసినవాళ్ళు ఇంకా చెప్పుకుంటారు. మలుపులో జారి ఇంటి ముందున్న తపాలా డబ్బాని పడగొట్టింది. కారు తలుపు వెయ్యకుండా దిగింది. గుమ్మంలో బూట్లు విప్పలేదు. మంచు బూట్లతో, బొంత చంకలో పెట్టుకుని, తివాచీ మీద అడ్డంగా నడిచొచ్చింది. ఆ ఇంట్లో బూట్లతో తివాచీ తొక్కినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

వచ్చి ఆర్విడ్ చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆర్విడ్ లేచి ఆమె కోటు చెయ్యి పట్టుకున్నాడు.

"నీకేమైంది?" అన్నారు ఇద్దరూ.

"నాకేం కాలేదు," అంది వెర్నా. "నీకేమైంది?"

"నాకేమవుతుంది? నీకేమైందో చెప్పు."

"ఏం కాలేదంటున్నాగా."

"నీకేమైంది వెర్నా?" అన్నాడు ఆర్విడ్ రెండోసారి. మూడోసారి కూడా అడిగాడు. ఆ గదిలో కాఫీ కాకుండా ఇంకోటి మూడుసార్లు అడగడం అదే మొదలు.

"కళ్ళజోడు మార్చాలన్నాడు, అంతే. మరి మంగళవారం డులుత్‌లో డాక్టరు నిన్నేమన్నాడు?"

"ఏ డాక్టరు?"

వెర్నా చుట్టూ చూసింది. "నా మొగుడు పోతున్నాడని ఎవరన్నారు?"

పాస్టర్ ఆర్డిస్ వంక చూశాడు. ఆర్డిస్ డెలోరిస్ వంక చూసింది. డెలోరిస్ వేలెత్తి చూపించింది. చూపులన్నీ తిరిగి తిరిగి వచ్చి చేప దగ్గర ఆగాయి.

"దాని వెనక గోర్డీ పేరుంది," అంది డెలోరిస్ సన్నగా. "ఆ దుప్పటి కిందదాని వెనక నీ పేరుంది. తెల్ల తొడుగులు వేసుకున్నాడు."

"తొడుగులు పటంతో ఇచ్చారు," అన్నాడు ఆర్విడ్.

"ఏ పటం?" అంది వెర్నా.

చూపించక తప్పలేదు. అతనికి దుప్పటి తియ్యడానికి చెయ్యి ఆడలేదు. గోర్డీయే వెళ్ళి లాగాడు. మంచు, పాలబిందెలు, ఎర్ర శాలువా, ఆవు. ఆర్విడ్‌లో పొద్దుటి ఉత్సాహం అడుగునుంచి కాస్త పైకి లేచింది. ఆమె బతికుంది, తను బతికున్నాడు, పటం గోడ మీద ఉంది. ఇరవై రెండేళ్ళ సాక్ష్యం ఉంది. ముప్ఫై మంది మేజోళ్ళతో నిలబడి వెర్నా మొహం చూస్తున్నారు.

వెర్నా చాలాసేపు చూసింది.

"కొత్తగా ఉంది," అంది.

ముప్ఫై మందీ తలలు దించుకున్నారు. ఒక మనిషి పోతున్నాడని వచ్చి, ఇప్పుడు నిజంగానే పోతుంటే చూస్తున్నట్టుంది వాళ్ళకి.

"సరే మరి," అన్నారు ఎవరో. ఆ ఊళ్ళో "సరే మరి" అన్నాక ఇల్లు కదలడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా ఇంట్లోని ప్రతి గదిలోంచీ టేపు పీకుతున్న శబ్దాలు వచ్చాయి, వీలైనంత మెల్లిగా. హాట్‌డిష్‌లు ఎవరూ తీసుకెళ్ళలేదు. చావలేదని తిండి వెనక్కి తీసుకుంటే ఏం బాగుంటుంది? పాస్టర్ గుమ్మంలో ఆగి, ఆ పాట రాసిన కాగితం చింపాలో దాచాలో తెలియక, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అందరూ వెళ్ళాక భార్యాభర్తలిద్దరూ పద్నాలుగు గిన్నెల ముందు కూర్చున్నారు. వెర్నా ఇంకా బూట్లు విప్పలేదు.

"ఏటా ఇరవై నిమిషాలు నిలబడేదానివి," అన్నాడు ఆర్విడ్.

"నిలబడేదాన్ని."

"మొహం మెత్తబడేది."

వెర్నా చెంచా తిప్పుతూ కూర్చుంది. "ఆ బొమ్మ ముందు నేలలో ఇనప జాలీ ఉంది. అందులోంచి వేడిగాలి వస్తుంది. నాకు అక్టోబరు నుంచే పాదాలు గడ్డకడతాయి, నీకు తెలుసుగా."

ఆర్విడ్ తల తిప్పి గోడ మీది పటం వంక చూశాడు.

"మరి బొమ్మ?"

"ఆ ఆవు చూపు నాకు పడదు. అప్పిచ్చినదానిలా చూస్తుంది. నువ్వు కదలకుండా నిలబడేవాడివి కాబట్టి నీకిష్టమేమో అనుకున్నాను. ఇంకో జాలీ దగ్గరికి పోదామంటే నువ్వేమనుకుంటావోనని."

"నువ్వు నిలబడ్డావని నేను నిలబడ్డాను."

"ఇరవై రెండేళ్ళు."

"నేను నిలబడింది జాలీ మీద కూడా కాదు. నా కాళ్ళకి ఏ గాలీ రాలేదు."

వెర్నా నవ్వింది. చిన్నగా మొదలుపెట్టి, చెంచా కింద పెట్టాల్సి వచ్చేంత నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. ఎందుకో అతను అడగలేదు. తరవాత మనసు మార్చుకుని, అడిగాడు.

"ఏమైంది?"

"చర్చి నుంచి ఇంటికి తొమ్మిది నిమిషాలు," అంది. "ఎప్పుడూ అంత దూరం లేదు."

"రేపు డులుత్ తీసుకెళ్ళి ఇచ్చేస్తాను దీన్ని. నేలమాళిగలో చోటు లేదు."

వెర్నా లేచి పటాన్ని గోడ మీంచి దించింది. తిప్పి వెనక చూసింది. ఆ ఇంట్లో అన్ని టేపులూ పీకేశారు, అదొక్కటే మిగిలింది. పెద్ద పెద్ద అక్షరాలు, చివర్లో కాస్త వంకర.

"నా పేరు రాశావు," అంది. "ఇంక నువ్వెవరివి ఇచ్చెయ్యడానికి? మేకు పట్టుకురా. అక్కడ కాదు. వంటింటి దారిలో."

సోమవారం గోర్డీ వచ్చాడు. కొత్త తపాలా డబ్బా పాతాడు. చేప పట్టుకెళ్ళాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, ఆ డ్రిల్లు ఒక్క వారం రోజులకి కావాలన్నాడు.

ఇప్పుడు వెర్నా రోజూ పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని వంటింటి దారిలో ఆ పటం ముందు ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడుతుంది. ఎవరైనా వస్తే ఆర్విడ్ దూరం నుంచే ఆ దృశ్యం చూపించి మురిసిపోతాడు. ఆమె కాళ్ళ కింద నేలలో ఉన్న జాలీని మాత్రం చూపించడు.